అప్పమాదం: కాలేజీ పిల్లల అరవై గడియలు

ఆదివారం వందన అయ్యాక కాలేజీ పిల్లల్ని పలకరిస్తే ఎక్కువగా వినబడే మాట ఒకటుంది. "టైం దొరకట్లేదండి." డిగ్రీ పిల్లలదీ అదే మాట, ఇంజనీరింగ్ వాళ్లదీ అదే, బీఎడ్ వాళ్లదీ అదే. పక్కనున్న పెద్దవాళ్లు ఊరుకుంటారా? "ఆ ఫోను పక్కన పడేస్తే టైం అదే వస్తాది" అని గదిమేస్తారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది గాని, ఇద్దరూ లెక్క వేసి చెప్పరు. ఈసారి పాఠంలో ఆ లెక్క వేద్దాం. ఇది పిల్లలకు ఎంత అవసరమో, ఇంట్లో పెద్దవాళ్లకూ అంతే అవసరం. అందుకని దయచేసి ఇద్దరూ కూర్చుని చదవండి.

అయిదో శీలంలో ఉన్న మాట

మనం రోజూ త్రిశరణం, పంచశీల చెప్పుకుంటాం. అయిదో శీలం దగ్గరకు వచ్చేసరికి "మందు తాగకూడదు" అని అర్థం చెప్పేసి ముందుకు పోతాం. ఆ శీలంలో పాళీలో ఒక మాట ఉంది, ఎప్పుడైనా గమనించారా? పమాదట్ఠానా. పమాదం అంటే ఏమరుపాటు, మైమరపు, చేతిలో పని ఉండగా దాన్ని మరచిపోయి ఎటో కొట్టుకుపోవడం. ఠానం అంటే చోటు. మత్తును ఎందుకు మానాలయ్యా అంటే, అది ఏమరుపాటుకు చోటు గనక. అంటే శీలం గురి పెట్టింది ఏమరుపాటు మీద. సారా సీసా దానికి ఒక గుమ్మం మాత్రమే.

ఆ గుమ్మం మన పేటల్లో ఎన్ని కాపురాలు కూల్చిందో నేను చెప్పక్కర్లేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నది ఒకటిగా ఉందంటే ఊరికే కాదు. మీ తాతలో, నాన్నలో ఎంతో కష్టపడి ఆ గుమ్మం మూశారు. చదువుకునే పిల్లలకు ఇప్పుడు వేరే గుమ్మాలు తెరుచుకున్నాయి. వాటికి వాసన ఉండదు, నోరు తూలదు, కాబట్టి ఇంట్లోవాళ్లు పసిగట్టలేరు.

పమాదానికి ఎదురుమాట అప్పమాదం. ధమ్మపదంలో రెండో వర్గం పేరే అప్పమాద వర్గం, అందులో పన్నెండు గాథలున్నాయి. కుశినారలో తథాగతుడు కన్నుమూసే ముందు భిక్షువులకు చెప్పిన చివరి మాటలోనూ ఇదే ఉంది. తన తర్వాత ఫలానావాడిని గురువుగా ఎంచుకోండని ఆయన చెప్పలేదు. ఏమరక సాధించుకోండి అన్న అర్థం వచ్చే మాట చెప్పారు. తెలుగులో దీనికి దగ్గరగా ఉన్న మాట 'జాగ్రత్త'. జాగ్రత్త అంటే అసలు అర్థం మేలుకుని ఉండడమే గదా.

మేలుకుని ఉన్నవాడు మొదట చేసే పని, తన రోజు ఎటు పోతోందో చూసుకోవడం.

అరవై గడియల లెక్క

మన పాత లెక్కలో పగలూ రాత్రీ కలిపి అరవై గడియలు. గడియకు 24 నిమిషాలు. వెనకటికి గడియారాలు లేనప్పుడు, అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో తేలేసేవారు. దాన్ని గడియ కుడుక అనేవారు. బెజ్జంలోంచి నీళ్లెక్కి గిన్నె మునిగిందంటే ఒక గడియ అయినట్టు.

గడియ అనగానే కొందరికి పంచాంగం, రాహుకాలం, దుర్ముహూర్తం గుర్తుకు రావచ్చు. ఆ సరుకు మనకొద్దు. ధమ్మంలో మంచి గడియ, చెడ్డ గడియ అని లేవు. కొలత మాత్రం తీసుకుందాం, అది ఎవరి సొత్తూ కాదు. పైగా ఇలాంటి రాగి గిన్నె బౌద్ధ విహారాల్లో కూడా ఉండేది. ఏడో శతాబ్దంలో చైనా నుంచి వచ్చి నలందాలో చదువుకున్న ఇత్సింగ్ అనే భిక్షువు, అక్కడ నీళ్ల గిన్నెతో కాలం కొలిచి నగారా కొట్టేవారని రాసిపెట్టాడు. వేల మంది చదువుకునే చోట ఎప్పుడు తినాలి, ఎప్పుడు చదవాలి అన్నది ఆ గిన్నె చెప్పేదన్నమాట.

ఇప్పుడు లెక్కలోకి రండి. పొందూరు దగ్గర పల్లెలో ఒక అమ్మాయి ఉందనుకోండి. శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతోంది. పల్లె నుంచి పొందూరుకు ఆటో, పొందూరు నుంచి బస్సు. రైలెక్కితే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి, అదేమో ఆమదాలవలసలో ఉంది, అక్కణ్నుంచి టౌనుకు మళ్లీ ఇంకో బండి. రానూపోనూ మూడు గంటలు వేసుకుందాం. కాలేజీ ఏడు గంటలు. నిద్ర ఏడు గంటలు. స్నానం, తిండి, తయారవడం రెండు గంటలు. ఇక ఇంటిపని: నీళ్లు పట్టడం, గిన్నెలు, సాయంత్రం వంట, తమ్ముడి బట్టలు, మంచం మీదున్న మామ్మ సంగతి. తక్కువలో తక్కువ మూడు గంటలు. మొత్తం 22. ఆ అమ్మాయికి మిగిలినవి రెండు గంటలు, అంటే అయిదు గడియలు. అరవైలో అయిదు.

అదే ఇంట్లో ఆమె అన్న కూడా చదువుతున్నాడనుకోండి. అదే బస్సు, అదే కాలేజీ, అదే నిద్ర. ఇంటిపని వరసలో మాత్రం సున్నా. అతనికి అయిదు గంటలు మిగులుతాయి, పన్నెండున్నర గడియలు. రోజుకు మూడు గంటల తేడా. వారానికి ఆరు రోజులు, సెమిస్టరుకు పదహారు వారాలు వేసుకుంటే 288 గంటలు. ఒకే ఇల్లు, ఒకే తల్లి, ఒకే ఫీజు. పరీక్షలో చెల్లికి మార్కులు తగ్గితే "ఆడపిల్లకి సదువు అబ్బనేదు" అంటాం. ఆ 288 గంటల మాట ఎవరూ ఎత్తరు.

అబ్బాయిలందరికీ పన్నెండున్నర గడియలు ఉంటాయని నేననను. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రంతా క్యాటరింగ్‌కు వెళ్లి పొద్దున్న క్లాసులో కూర్చునే పిల్లలున్నారు. నాన్న హైదరాబాదుకో, చెన్నైకో వలసపోతే ఇల్లు మోస్తున్న వాళ్లున్నారు. వాళ్ల లెక్క వాళ్లు వేసుకోవాలి. నేను చెప్పేదల్లా, లెక్క వెయ్యకుండా ఎవరినీ బద్ధకస్తులని అనకండి. పైన చెప్పిన అమ్మాయిని "నాలుగింటికి లేచి చదవవే" అని మందలిస్తే ఏమవుతుంది? ఆమె నిద్రలోంచే కొయ్యాలి. ఆమె దగ్గర కొయ్యడానికి ఇంకేమీ లేదు.

కాబట్టి మొదటి ఉపదేశం ఇంటికే. విహారానికి పది రూపాయలు వేస్తే దానం అంటున్నాం, మంచిదే. ఇంట్లో చదువుకునే ఆడపిల్లకు రోజుకు ఒక గంట ఇవ్వడం కూడా దానమే. అన్న తన కంచం తను కడుక్కోవడం, తన బట్టలు తను ఉతుక్కోవడం, నీళ్ల బిందెలు తను మొయ్యడం. దీనికి పైసా ఖర్చు లేదు. సిగాలోవాద సుత్తంలో తల్లిదండ్రులు పిల్లలకు చెయ్యవలసినవి అయిదు చెప్పారు తథాగతుడు. వాటిలో బతుకుకు పనికొచ్చే విద్య నేర్పించడం ఒకటి. ఫీజు కట్టి, చదివే గంట ఇవ్వకపోతే ఆ పని సగంలో ఆగినట్టే.

బాబాసాహెబ్‌కు గంటలు ఎవరిచ్చారు?

మన ఫోన్లలో తిరిగే బొమ్మల్లో ఒక మాట తరచూ కనబడుతుంది, బాబాసాహెబ్ రోజుకు పద్దెనిమిది గంటలు చదివేవారని. పిల్లలు దాన్ని స్టేటస్ పెట్టుకుంటారు. రెండు రోజులు పద్దెనిమిది గంటలకు ప్రయత్నించి, మూడో రోజు పుస్తకం ముయ్యడం కూడా చూస్తుంటాం. ఆ గంటల సంఖ్య కంటే, ఆ గంటలు ఎక్కణ్నుంచి వచ్చాయన్నది తెలుసుకోవడం మనకు ఎక్కువ ఉపయోగం.

చిన్నప్పుడు బొంబాయి పరేల్‌లో వాళ్లది ఒంటిగది కాపురం. వంటా అక్కడే, పడకా అక్కడే. చదువుకోవడానికి మూల లేదు. ధనంజయ్ కీర్ రాసిన జీవిత చరిత్ర ప్రకారం, తండ్రి రాంజీ కొడుకును పెందలాడే పడుకోబెట్టి, తను మేలుకుని ఉండి, రాత్రి రెండు గంటలకు లేపేవారు. అప్పుడు గది సద్దుమణిగి ఉండేది. తెల్లవారుజామున లేచి చదివాడన్నది అందరం చెప్పుకుంటాం. లేపడం కోసం మేలుకుని కూర్చున్న తండ్రిని మరిచిపోతాం. ఇంకొకటి కూడా చూడండి. ఆ ఏర్పాటులో పిల్లవాడి నిద్ర కొయ్యలేదు, ముందుకు జరిపారు.

1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో అమెరికా వెళ్లి కొలంబియా యూనివర్సిటీలో చేరారు. గడువు మూడేళ్లు. 1916లో లండన్ చేరారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరిపోయి, చదువు మధ్యలో వదిలేసి వెనక్కి రావలసి వచ్చింది. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరి, జీతంలో దాచిన డబ్బుతో 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ, ఈ మధ్యలోనే బారిస్టరు. బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీ తలుపు తీయగానే వెళ్లి, ముయ్యబోయేదాకా కూర్చునేవారని చెబుతారు. ఒక్కసారి స్కాలర్‌షిప్ గడువు తెగి ఇంటికొచ్చిన మనిషి ఆయన. ఏ నెల ఎవరి డబ్బుతో గడుస్తోందో, ఎప్పుడు అయిపోతుందో ఆయనకు తెలుసు. అదే అప్పమాదం.

ఆ ఏళ్లన్నీ బొంబాయిలో సంసారాన్ని ఈదింది రమాబాయి. ఆమె 1935 మే 27న చనిపోయారు. 1940లో వెలువడిన పాకిస్తాన్ గురించిన పుస్తకాన్ని బాబాసాహెబ్ ఆమె జ్ఞాపకానికే అంకితమిచ్చారు, తనతో కలిసి కష్టాన్ని ఓర్చినందుకు. ఆయన డిగ్రీల వెనక ఆమె గంటలున్నాయని ఆయనే ఒప్పుకున్నారన్నమాట. మన ఇళ్లలో ఉపాధి పనికి, నాట్లకు, కోతలకు వెళ్లే అమ్మలు కూడా గంటలే ఇస్తున్నారు. పిల్లలకు ఇది అపరాధంలా మోయించడం నా ఉద్దేశం కాదు. తెలిసి ఉండాలి, అంతే.

ఇక్కణ్నుంచి పిల్లలతో

తమ్ముడూ, చెల్లీ, ఇక మీతో నేరుగా మాట్లాడతాను. మీకు మిగిలినవి అయిదు గడియలే అనుకుందాం. వాటిని ఏం చేస్తారు?

పొందూరు పేరు చెబితే దేశమంతా ఖద్దరు గుర్తు చేసుకుంటుంది. రాట్నం అనగానే మనలో కొందరు మొహం చిట్లిస్తారు. గాంధీగారితో బాబాసాహెబ్ వాదం నాకు తెలుసు, దాన్ని ఇక్కడ కదపను. నేను చూపించేది ఆ పని చేసే ఆడవాళ్ల చేతుల్ని. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ దవడలోని సన్నని పళ్లకు చెత్తంతా తగులుకుని శుభ్రమవుతుంది. గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, మాసిపోకుండా అరటి దవ్వలో పెట్టుకుంటారు. అప్పుడు రాట్నం మీద నూరో నంబరు నూలు తీస్తారు. నూరో నంబరు అంటే లెక్క ఏమిటంటే, 840 గజాల చిలపలు నూరు కలిస్తే ఒక పౌను బరువు. అంటే అర కిలో కూడా లేని పత్తిలోంచి 84,000 గజాల దారం, దాదాపు 77 కిలోమీటర్లు. పొందూరు నుంచి పట్టుకుని సాగదీస్తే విజయనగరం దాటిపోతుంది. దాన్ని పరీక్ష ముందు వారంలో కూర్చుని ఎవరూ తియ్యలేరు. గబగబా లాగితే తెగుతుంది. రోజూ కాసేపు, చెయ్యి ఒకే తీరుగా ఆడితేనే వస్తుంది. సెమిస్టరు సిలబస్ కూడా ఇలాంటి దారమే.

అందుకని గడియ లెక్కన చదవండి. ఒక గడియ, ఒక సబ్జెక్టు. ఫోనులో 24 నిమిషాలకు అలారం పెట్టి, ఫోన్ వేరే గదిలో, గది లేకపోతే బియ్యం డబ్బా మీద పెట్టండి, చెయ్యి చాపితే అందకుండా. అలారం మోగాక లేచి అయిదు నిమిషాలు నడవండి, నీళ్లు తాగండి. ఇదేదో నా సొంత తెలివి అనుకోకండి. 1980ల చివర ఇటలీలో ఒక కాలేజీ కుర్రవాడు, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారాన్ని 25 నిమిషాలకు తిప్పి ఇలాగే చదివాడు. ఇప్పుడు ప్రపంచమంతా పోమోడోరో అని దాని పేరు చెప్పుకుంటోంది. మన గడియ కంటే ఒక్క నిమిషం ఎక్కువ.

అయిదు గడియల్లో మొదటిది, తల చురుగ్గా ఉన్నది, మీకు భయం పుట్టించే సబ్జెక్టుకు ఇవ్వండి. ఇష్టమైనది ఆఖరున చదివినా ఎక్కుతుంది. రికార్డు రాయడం, నోట్సు కాపీ చేసుకోవడం లాంటివి అలిసిపోయిన గడియలో చేసుకోవచ్చు. చాలామంది సరిగ్గా తిరగేసి చేస్తారు. రికార్డులో బొమ్మలు వేస్తూ కూర్చుంటే చదివినట్టే ఉంటుంది.

బస్సులో మూడు గంటలు పోతున్నాయి గదా, అక్కడ చదవమంటారా అని అడుగుతారు. కిక్కిరిసిన బస్సులో ఒంటికాలి మీద నిలబడి పుస్తకం పట్టుకోమని నేను చెప్పను. కాని తల ఖాళీగానే ఉంటుంది. ఆ రోజు క్లాసులో విన్నది పుస్తకం లేకుండా మనసులో మొదటినుంచి చెప్పుకోండి. ఎక్కడ ఆగిపోయిందో అక్కడే మీకు రాదన్నమాట, ఇంటికెళ్లి చూడవలసింది అంతవరకే. మన ధమ్మం బతికిందే ఇలాగ. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దంలో శ్రీలంకలో తాటాకులకు ఎక్కేదాకా, కొన్ని వందల ఏళ్లు బుద్ధవచనం భిక్షువుల నోళ్లలోనే ఉంది. వాళ్లు దాన్ని సజ్ఝాయం అన్నారు, వల్లె వేసుకోవడం. పాతిమోక్ఖ నియమాలను పదిహేను రోజులకోసారి ఉపోసథం నాడు అందరూ కూడి చెప్పుకునేవారు, ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీదకు మన పిల్లల్ని తీసుకెళుతుంటాం గదా. గిడుగు రామమూర్తి గారు 1919లో బయటపెట్టిన చోటు అది. ఆ రాళ్ల మధ్య నివసించిన భిక్షువులూ ఇదే పని చేసి ఉంటారు. వచ్చినదాన్ని కూడా పదిహేను రోజులకోసారి మళ్లీ చెప్పుకోకపోతే పోతుందని వాళ్లకు తెలుసు. మీరు ఆ రోజుదాన్ని ఆ రోజు బస్సులో, తర్వాత ఆదివారం ఒకసారి, పౌర్ణమికో అమావాస్యకో ఇంకోసారి చెప్పుకోండి. పరీక్ష ముందు కొత్తగా మొదలుపెట్టవలసింది ఏమీ మిగలదు.

ఫోన్ సంగతికి వద్దాం. ఫోన్ పారెయ్యమనే పెద్దల మాట ఈ రోజుల్లో చెల్లదు. క్లాసు నోట్సు అందులోనే వస్తుంది, హాల్ టికెట్ అందులోనే, ఉద్యోగాల నోటిఫికేషన్ అందులోనే. అయితే అయిదో శీలం మాట ఇక్కడ పెట్టి చూడండి. ఏ పని కోసం తీశాను? ఆ పని అయిందా? అయ్యాక పెట్టేశానా? మూడో ప్రశ్నకు జవాబు లేని ప్రతిసారీ అది పమాదట్ఠానం. లైబ్రరీ టైం చూద్దామని తీసి, నలభై నిమిషాల తర్వాత ఎవరిదో పెళ్లి రీలు దగ్గర తేలితే, దాదాపు రెండు గడియలు మునిగాయి. ఆ అమ్మాయికి ఉన్నవే అయిదు. ఇంట్లో మూడు గంటలు దొంగిలిస్తున్నవాళ్లతో పోట్లాడి ఒక గంట తెచ్చుకుని, దాన్ని ఫోనుకు ఇచ్చేస్తే ఆ పోట్లాట దేనికి?

సిగాలోవాద సుత్తంలోనే బద్ధకస్తుడు చెప్పే ఆరు సాకులున్నాయి. మరీ చలిగా ఉంది, మరీ వేడిగా ఉంది, పొద్దుపోయింది, ఇంకా పొద్దు పొడవలేదు, ఆకలేస్తోంది, కడుపు నిండిపోయింది. రెండున్నర వేల ఏళ్ల కిందట రాజగహంలో సిగాలుడనే గృహస్థు కుర్రవాడికి చెప్పినవి. మనం ఒకటో రెండో చేర్చాం, కరెంటు పోయింది, సిగ్నల్ లేదు. ఆ జాబితా కాగితం మీద రాసి పుస్తకం మొదటి పేజీలో పెట్టుకుని, ఈ రోజు వీటిలో ఎన్నోది వాడాను అని గీత పెట్టుకోండి. నవ్వొస్తుంది. నవ్వొచ్చినా పరవాలేదు, గీత మాత్రం పెట్టండి.

మరోవైపు, అతిగా బిగించేవాళ్లు కూడా ఉన్నారు. సోణుడనే భిక్షువు పాదాలు నెత్తురోడేదాకా నడుస్తూ సాధన చేసి, ఇక నావల్ల కాదు, ఇంటికి పోతానని అనుకున్నాడు. అతను పూర్వం వీణ వాయించేవాడు. తీగ మరీ బిగిస్తే పలుకుతుందా, మరీ వదిలేస్తే పలుకుతుందా అని బుద్ధుడు అడిగారు. రాత్రంతా మేలుకుని టీ మీద టీ తాగి పరీక్ష హాల్లో తూగే పిల్లలు ఈ కథ గుర్తుంచుకోవాలి. ఏడు గంటల నిద్రను లెక్కలో ముందే వేసింది అందుకే, దాని జోలికి పోకండి.

ఇంకొక సంగతి చదువుకు సంబంధించింది కాదు గాని, చదువుకునే రోజుల్ని ఎక్కువగా తినేది ఇదే. కాగితాలు. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, జ్ఞానభూమి పోర్టల్‌లో స్కాలర్‌షిప్, పరీక్ష ఫీజు, బస్ పాస్. వీటికి ఆఖరి తేదీ వారంలో పరిగెడితే మూడు నాలుగు రోజుల కాలేజీ పోతుంది, సచివాలయం దగ్గర క్యూలో నాన్న కూలీ పోతుంది. మనవాళ్లకు ఒక చిక్కు అదనంగా ఉంది. రికార్డుల్లో బౌద్ధం అని రాయించుకుంటే ఎస్సీ పత్రం ఇవ్వరేమో అన్న భయం. 1990లో పార్లమెంటు చట్టం సవరించాక, బౌద్ధం స్వీకరించిన షెడ్యూల్డ్ కులాలవారికి కూడా ఎస్సీ హోదా వర్తిస్తుంది. ఎక్కడైనా ఎవరికైనా ఇది తెలియకపోతే వివరించి చెప్పడానికి రోజులు పట్టొచ్చు. ఆ రోజులు సెలవుల్లోంచి ఖర్చు పెట్టండి, సెమిస్టరులోంచి కాదు. ఏడాదికి సరిపడా తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఇంట్లో అందరికీ కనబడాలి.

పేట పెద్దలకు ఒక విన్నపం

మన పేటల్లో చాలాచోట్ల అంబేద్కర్ భవనమో, కమ్యూనిటీ హాలో ఉంది. ఏప్రిల్ 14న తాళం తీస్తాం, డిసెంబర్ 6న తీస్తాం, మధ్యలో ఏదైనా ఫంక్షన్ ఉంటే తీస్తాం. ఒంటిగది ఇళ్లలో టీవీ ముందు కూర్చుని చదవలేక పుస్తకం మూసేస్తున్న పిల్లలు ఆ తాళం పక్కనే ఉన్నారు. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా తెరిస్తే ఆరు గడియలకు పైనే. రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక చాప చాలు. పెద్దవాళ్లు వంతులవారీగా ఒకరు కూర్చోండి. చదువు చెప్పక్కర్లేదు, ఊరికే ఉండండి, ఆడపిల్లల్ని పంపడానికి అమ్మలకు ధైర్యం వస్తుంది. రాంజీ సక్పాల్ ఒక్కరే చేసిన పనిని మనం పదిమంది పంచుకుంటే వారానికి ఒక్కసారి కూడా వంతు రాదు.

వచ్చే ఆదివారానికి పని

ఇంటికో కాగితం తీసుకురండి. అడ్డంగా ఒక గీత గీసి, పైన కూతురి రోజు, కింద కొడుకు రోజు, నిద్ర మొదలుకుని గంటలు రాయండి. ఒక్కరే చదువుతున్న ఇల్లయితే రెండోవరసలో ఇంట్లో మరెవరి రోజైనా రాయండి. పిల్లలు రాశాక అమ్మానాన్నలకు చదివి వినిపించండి. వాళ్లు ఇది తప్పు, అది ఎక్కువ రాశావు అంటే దిద్దండి, గొడవ పడితే కాసేపు పడండి. తర్వాత ఒకే ఒక్క పని ఎంచుకోండి, ఆమె చేతిలోంచి అతని చేతిలోకి మారే పని. ఫలానా పని, ఫలానా రోజు నుంచి అని కాగితం అడుగున రాసి తెచ్చి పెట్టెలో వెయ్యండి. పేర్లు రాయక్కర్లేదు. నెల తర్వాత ఎవరి కాగితం వాళ్లు తీసుకుని, మారిన పని ఇంకా మారే ఉందో లేదో చెప్పుకుందాం.

నమో బుద్ధాయ! జై భీమ్!